సెలవడిగింది ఎవరు?

ఇంగ్లీషులో ఒక ఫ్రెంచి మాట ఉంది, "కోంజే" అని. ఇప్పుడు వాడకం తగ్గిపోయింది గానీ పాత నవలలు చదివేవాళ్ళకి తగులుతూనే ఉంటుంది. ఫలానా దొరసాని తన చుట్టూ తిరుగుతున్న కుర్రాడికి కోంజే ఇచ్చింది, ఫలానా దొర తన వంటవాడికి కోంజే ఇచ్చాడు.. ఇలాగన్నమాట. మర్యాదగా చెప్పుకుంటే వీడ్కోలు. మర్యాద పక్కన పెడితే గెంటెయ్యటం. మన పంతుళ్ళు వెనకటికి "అర్ధచంద్ర ప్రయోగం" అనేవాళ్ళు చూడండి, అరచేతిని అర్ధచంద్రంలా వంచి మెడ మీద వేసి వాకిలి చూపించటం, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ చేతికి గ్లవుజు ఉంటుంది, కాస్త సెంటు కూడా కొట్టుకుని ఉంటారు.

మన ఐటీ కంపెనీల్లో ఈ మాట తెలిసినవాళ్ళు తక్కువే. పని మాత్రం బాగా తెలుసు. ముందే చెప్తున్నా, కంపెనీలు అసలు ఎవర్నీ తీసెయ్యకూడదు అని నేను అనబోవటం లేదు. ప్రాజెక్టు పోతుంది, క్లయింటు పోతాడు, తీసేస్తారు. నా గొడవ వేరే. తీసేసేది వాళ్ళు. "అయ్యా, నేనే పోతున్నాను, దయచేసి అనుమతించండి" అని రాసిచ్చేది మనం. ఆ రాసివ్వటం మీదే నా కోపమంతా.

ముందు మాట సంగతి చూద్దాం. (ఓపిక లేనివాళ్ళు కిందికి దిగిపోవచ్చు, నేనేం అనుకోను :))

కోంజేకి మూలం లాటిన్ లో ఉంది. రాకపోకలు, దారి ఇవ్వటం, ఆ తర్వాత సిపాయికి ఇంటికి పోయి రావటానికి పై అధికారి ఇచ్చే అనుమతి.. ఇవీ ఆ మూలపదానికి అర్థాలు. అంటే అడిగేది పోయేవాడు, ఇచ్చేది ఉండేవాడు. అలా అనుమతి తీసుకుని, వంగి దణ్ణం పెట్టి బయటికి నడవటాన్ని కూడా అదే మాటతో పిలిచారు. 14వ శతాబ్దంలోనే ఇంగ్లీషులోకి వచ్చి, వాళ్ళ నోట్లో నలిగి "కాంజీ" అయ్యింది. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఫ్రెంచి వేషం తియ్యకుండా ఇంకోసారి దిగుమతయ్యింది. వచ్చాక మెల్లగా తిరగబడింది. అడిగేవాడు మాయమైపోయాడు, ఇచ్చేవాడొక్కడే మిగిలాడు. ఎవరూ అడక్కుండానే ఇచ్చే అనుమతి!

ఫ్రాన్సులో అదే మాట వేరే దారి పట్టింది. 1936లో అక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. ఆ వేసవిలోనే ప్రతి కార్మికుడికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం వచ్చింది. ఆ సెలవుని వాళ్ళు ఈ మాటతోనే పిలుస్తారు. ఒకే మాట.. ఒకచోట పెళ్ళాం బిడ్డలతో సముద్రం ఒడ్డుకి పోవటం, ఇంకోచోట వాకిలి బయటికి పోవటం.

ఇక మనది. కోంజేకి తెలుగులో మాట వెతుక్కోవక్కర్లేదు, సరిగ్గా సరిపోయేది ఒకటుంది, "సెలవు". అనుమతీ అదే, బడి లేని రోజూ అదే, ఉత్తరం చివర రాసే వీడ్కోలూ అదే. పెద్దవాళ్ళు ఏదన్నా చెప్తే "సెలవిచ్చారు" అంటాం. తడ దాటి అరవదేశంలోకి అడుగు పెడితే ఇదే మాటకి ఖర్చు అని అర్థం. హెచ్ఆర్ వాళ్ళ ఎక్సెల్ షీట్లో తెలుగు అర్థం, అరవ అర్థం ఒకే గడిలో కూర్చుంటాయి.

కానీ ఒకటి గమనించండి. తెలుగులో సెలవు ఎప్పుడూ పోయేవాడే అడుగుతాడు. "ఇక సెలవిప్పించండి" అనేది అతిథి. ఇంటాయన కాదు. ఇంటాయన లేచి "నీకు సెలవిచ్చాను, పో" అంటే దాన్ని మనం సెలవు అనం. దానికి వేరే మాటలున్నాయి, ఇక్కడ రాయటం బాగుండదు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊరు. మావైపు ఇల్లు దాటేటప్పుడు "పోతున్నా" అని ఎవరూ అనరు, అంటే మా అవ్వ నోటి మీద కొట్టినంత పని చేసేది. "పోయొస్తా" అనాలి. వేటకి పోయే పట్టపోళ్ళయితే మరీను. పోవటం ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు, రావటం కూడా కలిపి చెప్పాలి. ఆఖరికి దేవుణ్ణి పంపించేటప్పుడూ అంతే. వినాయక చవితి పూజ అయ్యాక ఉద్వాసన చెప్తాం కదా, విగ్రహాన్ని కాస్త కదిపి, మళ్ళీ రావటానికే పోయిరా స్వామీ అని. ఆ "ఉద్వాసన" మాటనే మన పేపర్లవాళ్ళు లేఆఫ్ కి వాడేస్తున్నారు. "వేలమంది టెకీలకు ఉద్వాసన" అని హెడ్డింగు! సగం మంత్రం మింగేశారు. మళ్ళీ రమ్మనటం ఏది?

సముద్రం కూడా మా వాళ్ళకి సెలవిస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లతో వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. పూడిరాయదొరువు నుంచి ఇస్కపల్లి దాకా బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి, వలలు బాగుచేసుకుంటారు. ఆ రెండు నెలలకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో దాన్ని కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. చాలదని వాళ్ళంటారు, నిజమే, చాలదు. కానీ ఎందుకు ఆపారో చెప్తారు, ఎన్నాళ్ళో చెప్తారు, మళ్ళీ ఎప్పుడు పోవచ్చో తేదీతో సహా చెప్తారు. "నేను స్వచ్ఛందంగా చేపలు పట్టటం మానుకుంటున్నాను" అని ఎవరిచేతా రాయించుకోరు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

కొన్నేళ్ళ కింద నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు అనవసరం, అన్నీ ఒక తానులో ముక్కలే) నా పక్క సీటు మిత్రుణ్ణి ఒక మధ్యాహ్నం చిన్న మీటింగు రూముకి పిలిచారు. మావైపువాడే. వాళ్ళ నాన్నకి రొయ్యల గుంటలున్నాయి. రూములో హెచ్ఆర్ అమ్మాయి, ఎప్పుడూ చూడని ఇంకో పెద్దమనిషి, బల్ల మీద టిష్యూ పేపర్ల డబ్బా. ఆ డబ్బా చూడగానే అర్థమైపోయిందట. మాటలు చాలా మెత్తగా ఉన్నాయి. నీకు రెండు దారులున్నాయి అన్నారు. సాయంత్రంలోగా పోర్టల్లో రిజైన్ కొడితే నీట్ గా రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, రెండు నెలల జీతం. కొట్టకపోతే టెర్మినేషన్ లెటర్. అది రికార్డులో ఉంటుంది, రేపు ఎక్కడ చేరినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో బయటపడుతుంది. "నీ మంచికోసమే చెప్తున్నాం."

కొట్టాడు. ఎవడైనా కొడతాడు. హోమ్ లోను, చిన్నపిల్ల.

సరే, తర్వాత జరిగింది వినండి. వారం తర్వాత ఊరికి పోయాడు. కాగితం మీద వీడే మానేశాడు గదా, ఇంట్లోనూ అదే చెప్పాడు, తీసేశారంటే పరువు పోతుందని. వాళ్ళ నాన్న అన్నమాట వాడు ఫోనులో చెప్తుంటే నాకు గుర్తుండిపోయింది. "ఏందిరా నువ్వు చేసిన పని? బంగారంటి ఉద్యోగం కాలదన్నుకుంటివే! ఎవురన్నా అట్ట చేస్తారా?" ఊళ్ళో అందరూ అదే అడిగారు. మామ అడిగాడు. పెళ్ళాం తరఫు వాళ్ళు అడిగారు. వాడు నోరెత్తటానికి లేదు. ఉద్యోగం తీసింది కంపెనీ, తలపొగరుతో మానేశాడన్న పేరు వీడికి. జీతం పోవటం ఒక ఎత్తు, తప్పు కూడా మోసుకుని ఊరికి పోవటం ఇంకో ఎత్తు.

ఇది ఒకడి కథ కాదని మీకు తెలుసు. 2017 జులైలో టెక్ మహీంద్రాలో ఒక ఉద్యోగికీ హెచ్ఆర్ కీ మధ్య జరిగిన ఫోను సంభాషణ బయటికి వచ్చింది. మర్నాడు పొద్దున 10 గంటల్లోగా రాజీనామా ఇవ్వు, లేకపోతే మేమే తీసేస్తాం అని. దేశమంతా విన్నది. ఆనంద్ మహీంద్రా ట్విట్టర్లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, కంపెనీ పెద్దలూ చెప్పారు. చెప్పినందుకు మెచ్చుకుందాం. కానీ ఆ రోజు చాలామంది మిత్రుల మొహాల్లో నాకు ఆశ్చర్యం కనపళ్ళేదు. "ఓ, రికార్డు చేశాడా!" అన్నదే ఆశ్చర్యం.

పదాలు మాత్రం ఏడాదికేడాది కొత్తవి పుడుతుంటాయి. సత్యం కూలిపోయి టెక్ మహీంద్రా చేతికి వెళ్ళిన 2009లో, పనిలేని వేలమందిని "వర్చువల్ పూల్" లో పెట్టారు. బేసిక్ జీతం ఇచ్చి ఇంట్లో కూర్చోమన్నారు. పూల్ అంటే మా ఊళ్ళో గుంట, గుంటలో దేన్ని పెడతారో, ఎందుకు పెడతారో మావాళ్ళకి బాగా తెలుసు :) 2025 జులైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని, అంటే మొత్తంలో 2 శాతం మందిని, తగ్గిస్తామన్నప్పుడు వాడిన మాట "రిలీజ్". సినిమా రిలీజ్ లాగా. జైల్లోంచి రిలీజ్ లాగా. నేనైతే ఎవరో వీళ్ళని కట్టేసి ఉంచారు కాబోలు, ఇప్పుడు విప్పుతున్నారు అనుకున్నా.

ఇలాంటి నాటకానికి చరిత్రలో ఒక ముత్తాత ఉన్నాడు. విచిత్రం ఏమిటంటే వాడి పేరులోనూ మన కోంజే ఉంది. ఇంగ్లండులో బిషప్పు పదవి ఖాళీ అయితే, ఆ చర్చి సభ్యులు కొత్త బిషప్పుని ఎన్నుకోవాలి. ఎన్నుకోవటానికి రాజు అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రం పేరు "కోంజే దెలీర్", ఎన్నుకోవటానికి సెలవు. బాగానే ఉంది కదా? ఎనిమిదో హెన్రీ 1530లలో చేసిన చట్టం ప్రకారం, ఆ అనుమతితో పాటే ఇంకో ఉత్తరం వస్తుంది. అందులో ఎవర్ని ఎన్నుకోవాలో పేరు ఉంటుంది. ఆ ఒక్క పేరే! పన్నెండు రోజుల్లో "స్వేచ్ఛగా" ఆయన్నే ఎన్నుకోవాలి. ఎన్నుకోకపోతే రాజే నియమించేస్తాడు, కాదన్నవాళ్ళకి ఆ రోజుల్లో ఆస్తి జప్తు, జైలు. సభ్యులు గుడిలో కూర్చుని ప్రార్థన చేసి, ఓట్లేసి, ఆహా ఎన్నుకున్నాం అని ప్రకటించేవాళ్ళు.

ఇప్పుడు పోర్టల్లో రిజిగ్నేషన్ బటన్ చూడండి. కింద డ్రాప్‌డౌన్లో కారణం మనమే ఎంచుకోవాలి. సాయంత్రంలోగా. స్వేచ్ఛగా. హెన్రీగారు పన్నెండు రోజులన్నా ఇచ్చాడు!

"పోనీలే, మాటదేముంది, డబ్బులిచ్చారు కదా" అంటారు కొందరు. అక్కడే మోసపోతున్నాం. మాటలోనే అంతా ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో సెక్షన్ 2(ఓఓ) అని ఒకటి ఉండేది, రిట్రెంచ్‌మెంట్ కి నిర్వచనం. యజమాని, శిక్షగా కాకుండా, ఏ కారణంతో నైనా ఉద్యోగం తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. ఉద్యోగి తనంతట తాను పోతే కాదు. రిట్రెంచ్‌మెంట్ అయితే సెక్షన్ 25-ఎఫ్ వస్తుంది. కారణం చెప్తూ నెల నోటీసు, లేదా నెల జీతం. పనిచేసిన ప్రతి పూర్తి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. ప్రభుత్వానికి తెలియజెయ్యటం. ఇంకా 25-హెచ్ అని ఉండేది, మళ్ళీ మనుషుల్ని తీసుకునేటప్పుడు తీసేసినవాళ్ళకి ముందు అవకాశం ఇవ్వాలని. ఉద్వాసన మంత్రంలో పేపర్లవాళ్ళు మింగేసిన రెండో సగం ఇదిగో, చట్టంలో కనపడింది నాకు! 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ నోటీసు, 15 రోజుల లెక్క ఉన్నాయి. మళ్ళీ తీసుకోవటంలో ముందు అవకాశం మాత్రం ఏడాది లోపు తీసుకుంటేనే అని కుదించారు. తీసేసినవాళ్ళ కొత్త చదువుకి యజమాని ఇంకో 15 రోజుల జీతం ఒక నిధిలో వెయ్యాలి అని చేర్చారు.

ఇప్పుడు మీటింగు రూములో చెప్పిన "రెండు దారులు" మళ్ళీ చూడండి. రాజీనామా, లేదా రికార్డులో మచ్చ. మూడో దారి ఒకటుంది, దాన్ని దాచిపెట్టారు. తప్పేమీ చెయ్యని మనిషిని, పని లేదు గనక, తీసేశాం అని రాసివ్వటం. ఆ కాగితం శిక్ష కాదని నిర్వచనంలోనే ఉంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాడికి ఏం చూపించినా సిగ్గుపడక్కర్లేదు. ఆ కాగితం ఇస్తే లెక్క కట్టాలి, ప్రభుత్వానికి చెప్పాలి, పేపర్లో అంకె వస్తుంది, షేరు ధర.. అందుకే ఇవ్వరు. అందుకే మన చేత బటన్ నొక్కిస్తారు.

"మనం వర్కర్స్ ఏంటి బాస్, మనం ప్రొఫెషనల్స్" అనే మిత్రులకి ఒక మాట. చట్టంలో నైపుణ్యం, సాంకేతికం, గుమాస్తా పని అన్నీ కార్మికుడి నిర్వచనంలో ఉన్నాయి. నిజంగా మేనేజర్ పని చేసేవాళ్ళనీ, ఒక జీతం దాటిన సూపర్‌వైజర్లనీ బయట పెట్టారు. విజిటింగు కార్డు మీద మేనేజర్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, చేసే పని ఏంటో కోర్టులు చూస్తాయి. రోజంతా కోడ్ రాసి, రాత్రి బిల్డ్ పగిలితే లేచేవాడు ఎవర్ని మేనేజ్ చేస్తున్నట్టు? 2015 జనవరిలో గర్భవతి అయిన ఒక ఐటీ ఉద్యోగినిని తీసెయ్యకుండా మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. 2017లో హైదరాబాదులోనూ కొందరు ఐటీ ఉద్యోగులు లేబర్ కమిషనర్ ఆఫీసు మెట్లెక్కారు. మెట్లెక్కటం తెలియనివాళ్ళం కాము, మొహమాటం అంతే.

మా తీరంలో గుంటల మీద కాపలా ఉండి మేత చల్లే కూలీలకి ఇంతకంటే పెద్ద గౌరవం ఒకసారి కాగితం మీదన్నా దక్కింది. 90లలో ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు.. ఎటు చూసినా వరి మళ్ళు రొయ్యల గుంటలైపోయాయి. 94, 95 లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఎంతమంది నిండా మునిగారో మా పక్క వాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు. ఆ తర్వాత 1996 డిసెంబరు 11న, ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరం వెంబడి ఉన్న రొయ్యల గుంటలు మూసెయ్యమంది. నీళ్ళు ఉప్పగా అయిపోతున్నాయి, మడ అడవులు పోతున్నాయి అని. నాకు ఆ తీర్పులో నచ్చిన ముక్క వేరే. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కూలీలందర్నీ 1997 ఏప్రిల్ 30 నుంచి రిట్రెంచ్ చేసినట్టు లెక్క వెయ్యాలి. 25-ఎఫ్ పరిహారం ఇవ్వాలి. దానిమీద అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వాలి. ఆరేళ్ళు! తర్వాత రివ్యూ పిటిషన్లు పడ్డాయి, స్టే వచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, గుంటలు అలాగే ఉన్నాయి. కనక ఆ ఆరేళ్ళ జీతం కాగితం మీదే ఉండిపోయింది. గుంటల వల్ల బతికిన ఊళ్ళూ ఉన్నాయి, చెడిన ఊళ్ళూ ఉన్నాయి, ఆ వాదం ఇప్పుడొద్దు. కానీ దేశంలో పెద్ద కోర్టు, మేత చల్లే మనిషిని "నువ్వు పోవటం లేదు, నిన్ను పంపిస్తున్నారు, కాబట్టి లెక్క వాళ్ళే కట్టాలి" అన్నది. ఆ గుంట గట్టు మీద పుట్టి, ఇంజినీరింగు చదివి, ఏసీ రూములో కూర్చున్న వాడి కొడుకు మాత్రం 15 రోజుల లెక్క కూడా అడక్కుండా బటన్ నొక్కి వస్తున్నాడు.

అమెరికాలో ఉన్నవాళ్ళు నవ్వుకోకండి, మీకూ ఇదే. హెచ్1బీ మీద ఉన్నవాడిని గడువుకి ముందే తీసేస్తే, వాడు స్వదేశం పోవటానికి తగిన తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీ ఇవ్వాలి. వాడే మానేస్తే ఇవ్వక్కర్లేదు. నిరుద్యోగ భృతి కూడా మామూలుగా తనంతట తాను మానేసినవాడికి రాదు. అక్కడ ఉద్యోగం పోయాక ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు, అదీ 2017 జనవరిలో నిబంధన మారాక. మా పట్టపోళ్ళకి 61. ఒక రోజు ఎక్కువే, పైగా జూన్ 15న బోటు మళ్ళీ కదులుతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అక్కడివాళ్ళు "నన్ను లేఆఫ్ చేశారు" అని పబ్లిగ్గా రాసుకోగలుగుతున్నారు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పుడు లింక్డిన్ నిండా అవే పోస్టులు, చాలామంది మన తెలుగువాళ్ళే. ఎవరూ ఛీ అనలేదు, రెఫరల్స్ ఇచ్చారు. ఇక్కడికొచ్చేసరికి పెళ్ళి సంబంధం తప్పిపోతుందని, అపార్టుమెంటులో తెలుస్తుందని నోరు కట్టేసుకుంటాం. హెచ్ఆర్ వాళ్ళ ధైర్యమంతా మన ఈ సిగ్గే. ఈ సిగ్గు లేకపోతే ఆ మీటింగు రూము నాటకం ఒక్క రోజు ఆడదు.

అన్నట్టు, వెనకటి దొరలు ఊరు విడిచిపోయేటప్పుడు తెలిసినవాళ్ళ ఇళ్ళకి ఒక కార్డు పంపేవాళ్ళు. మూల మీద "పి.పి.సి." అని మూడు ఫ్రెంచి అక్షరాలు, "సెలవు తీసుకోవటానికి" అని అర్థం. మన లాస్ట్ వర్కింగ్ డే మెయిల్ దాని మనవడే. "ఇట్స్ బీన్ ఎ వండర్‌ఫుల్ జర్నీ.." అని మొదలుపెట్టి, అందరికీ థ్యాంక్స్ చెప్పి, కింద జీమెయిల్ అడ్రసు. దాన్ని నిజంగా మానేసి పోయేవాడు రాస్తే ముచ్చటగా ఉంటుంది. గెంటేసినవాడి చేత కూడా అదే రాయిస్తున్నాం చూడండి, అది చదువుతుంటే నాకు కడుపులో తిప్పుతుంది.

ఇంకో చిన్న సరదా. ఇంగ్లీషులో పాత "కాంజీ", అంటే ఈ వీడ్కోలు, ఇంకో "కాంజీ" కూడా ఒకే స్పెల్లింగు. ఆ రెండోది మన గంజి. అరవ కంజి, మన గంజి, పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి అక్కడిదాకా పోయింది. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో "కాంజీ హౌస్" అనే మాట ఉంది, పటాలంలో తప్పు చేసిన సిపాయిని పెట్టే కొట్టు. లోపల గంజి పోస్తారు గనక ఆ పేరు. రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు, స్పెల్లింగు కలిసిందంతే. ఉద్యోగం పోయినవాడికి మాత్రం రెండూ ఒకే వారంలో ఎదురవుతాయి.

ఏం చెయ్యమంటావ్ అని అడిగేవాళ్ళకి. పెద్ద విప్లవం ఏమీ అక్కర్లేదు. రూములో సంతకం పెట్టకండి, బటన్ నొక్కకండి, "ఆలోచించి చెప్తాను" అని బయటికి రండి. అదే రోజు మెయిలు రాయండి, మూడు వాక్యాలు చాలు. ఈ రోజు ఇన్ని గంటలకి మీరు నన్ను రాజీనామా ఇవ్వమని అడిగారు. నేను రాజీనామా కోరలేదు. నా పోస్టు తీసేస్తున్నట్టయితే కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. కాపీ మీ సొంత మెయిలుకి పెట్టుకోండి (ఆ మెయిలు వరకే, కంపెనీ ఫైళ్ళు వద్దు, దానిమీద ఇంకో కేసు పెడతారు). ఆ తర్వాత బేరం ఎలాగూ జరుగుతుంది. చాలామంది చివరికి ఏదో ఒక మొత్తానికి ఒప్పుకుంటారు, తప్పు లేదు, ఇల్లు గడవాలి. కానీ బేరం "నేనే పోతున్నాను" దగ్గర మొదలవటానికీ, "మీరు పంపిస్తున్నారు" దగ్గర మొదలవటానికీ ఎన్ని నెలల జీతం తేడా ఉంటుందో, ఆ మెయిలు రాసినవాళ్ళని అడగండి.

హెచ్ఆర్ మిత్రులు కూడా ఇది చదువుతారని తెలుసు. మీ ఉద్యోగం మీది, పైవాడు చెప్పింది చేస్తారు, మీకూ ఈఎంఐలు ఉన్నాయి. ఒకే ఒక్క పని చెయ్యండి. మన ఎగ్జిట్ ఫారంలో "కారణం" అనే డ్రాప్‌డౌన్ ఉంది కదా. నేను చూసినదాంట్లో అయిదు ఆప్షన్లు ఉన్నాయి. మెరుగైన అవకాశం, పై చదువులు, వ్యక్తిగత కారణాలు, వేరే ఊరికి మారటం, ఇతరములు. ఆరోది కలపమని మీ టూల్స్ టీముకి ఒక టికెట్ వెయ్యండి. "కంపెనీ తీసేసింది" అని. అరగంట పని, టెస్టింగుతో సహా.